కమలక్క పుంటికూర పప్పు

నిన్న ఉదయం మిర్యాలగూడ నుంచి స్వాతి ఫోన్ చేసింది. కమలక్క కూతురు.

"చిన్నమ్మా, అమ్మ సచ్చిపోయింది. నిద్రలనే."

"సరే" అన్నాను.

ఫోన్ పెట్టేసి, పాలు పొంగకుండా స్టవ్ తగ్గించాను. ఆ తర్వాత కింద కూర్చున్నాను.

ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

సూర్యాపేటలో పదకొండేళ్లు కమలక్కది మా పక్క పోర్షన్. బావగారిది బదిలీల ఉద్యోగం. అంతకుముందు వెళ్లిన ప్రతి ఊరిలో అక్క పక్కింటి వాళ్లను అడిగి ఒక వంట నేర్చుకుని వచ్చింది. గుజరాత్ ఢోక్లా, పంజాబీ రాజ్మా, తమిళుల కూటు, మరాఠీల తాలిపీట్.

నేను నోట్‌బుక్ పట్టుకుని పక్కన నిలబడేదాన్ని.

అక్క అన్నీ పిడికిలితో వేసేది. గిన్నెలో పడకముందే నేను ఆ చెయ్యి పట్టుకుని ఆపి, పిడికిట్లోది స్పూన్లతో కొలిచి రాసుకునేదాన్ని.

"ఉప్పుకు గూడ ఆధార్ కార్డ్ అడుగుతవా పద్మా? మీ కోదాడోళ్లంత గిట్లనే ఉంటరా? జర చెయ్యి ఇడువు, నూనె మాడుతుంది."

అలా నలభై ఒక్క వంటలు రాశాను. పేజీ నంబర్లు, ఇండెక్స్‌తో సహా.

చావు జరిగిన ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలిగించరు కదా. అన్నం మనమే తీసుకెళ్లాలి. నిన్న మిర్యాలగూడ బస్సుకు ఇంకా టైం ఉంది. అలవాటుగా నోట్‌బుక్ తెరిచాను.

ఆ ఇంటికి ఢోక్లా తీసుకెళ్లలేం. రాజ్మా తీసుకెళ్లలేం.

పప్పు, అన్నం కావాలి.

పప్పు పేజీ లేదు.

నేను వెళ్లినప్పుడల్లా అక్క ముందు పుంటికూర పప్పుతో, అదే గోంగూర పప్పుతో, అన్నం పెట్టేది. "ముందు తిను. రాసుడు యాడికి పోతది" అనేది. కొత్త వంట మొదలుపెడుతుందని నేను గబగబా తినేసేదాన్ని.

పప్పే కదా, నాకు రాదా అనుకున్నాను.

నాకు వచ్చినట్టే చేసి తీసుకెళ్లాను. మధ్యాహ్నం అన్నీ అయ్యాక స్వాతికి కలిపి ఇచ్చాను. ఒక ముద్ద తిని ఆగింది.

"అమ్మ పప్పు గిట్ల ఉండదు చిన్నమ్మా. నీ బుక్కుల ఉంటది గదా, నాకు ఫోటో పెట్టవా?"

"అది రాయలేదమ్మా."

"అన్నీ రాసినవ్ గద."

తప్పు పట్టినట్టు కాదు. ఊరికే అంది. తర్వాత తల వంచుకుని పళ్లెం మొత్తం తినేసింది.

ఇంటికి వచ్చి నోట్‌బుక్‌లో కొత్త పేజీకి నలభై రెండు అని నంబర్ వేశాను. పైన పేరు రాశాను. కింద ఇంకేమీ లేదు.

ఈ పోస్ట్ చదివేవాళ్లలో కమలక్క ఇంట్లో తిన్నవాళ్లు చాలామంది ఉన్నారు. పుంటికూర ముందు వేసేదా, పప్పు ఉడికాక వేసేదా? పోపులో ఏం పడేది? ఎవరు చూసి ఉన్నా కామెంట్‌లో పెట్టండి. స్వాతికి పంపాలి.

పిడికెడు అని రాసినా చాలు. స్పూన్లలోకి మార్చను.

వెళ్లిరా కమలక్కా. ఇక నీ చెయ్యి పట్టుకుని ఎవరూ ఆపరు. నిమ్మళంగా ఉండు.