గుర్రంతో పందెం

పార్కుకు వచ్చేవాళ్ళంతా కంచు గుర్రమెక్కిన రాజుగారిని చూడడానికి వస్తారు. టైలరమ్మ మాత్రం గుర్రం కోసమే వస్తుంది. మెట్ల మీద జారిపడి తుంటి విరిగి, అతుక్కున్నప్పటి నుంచీ రోజూ ఆవిడకిదే పని. ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో విగ్రహం చుట్టూ ఉన్న ఇనుప కంచె పట్టుకుని, పెదవి బిగించి నడుస్తుంది. కొలతల టేపు ఇంకా మెడలోనే వేలాడుతుంటుంది. అది తీస్తే మెడ బోసిగా ఉంటుందట. ముందు కాలొకటి గాల్లోకెత్తి నిలబడ్డ గుర్రం ఎదుటికి రాగానే ఆగి, "అబ్బో, టెక్కు చూడు!" అని కసురుతుంది. వెంట వచ్చిన ఆడపడుచు బెంచీ మీద కూలబడి పాత పాటే ఎత్తుకుంటుంది. "ఎందుకొదినా ఈ తంటా? ఆ కుట్టుమిషను ఎవరికైనా ఇచ్చేసి హాయిగా కూర్చోరాదూ?"

ఇవాళ టైలరమ్మ కర్రను కంచెకు ఆనించి, రెండో చెయ్యీ వదిలేసి, కుచ్చిళ్ళు కాస్త పైకి పట్టుకుని, బాగున్న కాలు నేల మీంచి ఎత్తింది. బరువంతా అతికిన తుంటి మీద పడింది. ఒళ్ళు ఒక్కసారి ఊగి, నిలదొక్కుకుంది. ఆడపడుచు "వదినా, పడతావ్!" అంటూ పరుగెత్తుకొచ్చింది.

"ముట్టుకోకు," అంది టైలరమ్మ, కాలు దించకుండానే. "మూడు కాళ్ళు కింద పెట్టుకుని ఒకటెత్తినందుకే దీన్ని ఇంతెత్తున నిలబెట్టారు. మరి నన్నెక్కడ నిలబెడతారో అడుగు!" తర్వాత తాపీగా కాలు దించి, గేటు వైపు తిరిగింది. "ఆ కర్ర నువ్వు పట్టుకురా. ఇంటికెళ్ళి మిషను మీద దుప్పటి తియ్యాలి."