ఆ ప్లేటు నాదని చెప్పలేదు

ఆమె మణికట్టులో వేసిన ప్లేటు నేను రూపొందించిందని, దాని పేటెంటులో సగం నాదని, అమ్ముడైన ప్రతి ప్లేటుకూ నాకు వాటా వస్తుందని ఆపరేషన్‌కు ముందు ఆమెకు చెప్పలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదని చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది నిజం కాదు. ఆమె అడిగింది, తనకు తెలిసిన పద్ధతిలో.

నేను కృష్ణగిరిలో ఎముకల డాక్టరును. హోసూరులో, మూకండపల్లి దగ్గర చిన్న వర్క్‌షాపు నడిపే నా స్నేహితుడితో కలిసి ఆ ప్లేటు తయారు చేశాను. ఆలోచన నాది, మెషిను పని అతనిది. మామూలు వాటికన్నా పలుచన, చర్మం కింద ఎత్తుగా తగలదు. మంచిదని నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను.

ఆమె సూళగిరి దగ్గర గులాబీ తోటలో పూలు కోసే మనిషి. షెడ్డులో తడి నేల మీద జారి, కుడిచేయి ఆనించి పడింది. ఎక్స్‌రే చూపించాను. పిండికట్టు వేసినా ఎముక అతుకుతుందని, ప్లేటు వేస్తే చెయ్యి త్వరగా కదపవచ్చని రెండూ చెప్పాను. ఇలాంటప్పుడు మా వైపు రోగులు అడిగే ప్రశ్న ఒకటుంది. ఆమె కూడా అదే అడిగింది.

"అదంతా నాకేమి తెలుస్తాదప్పా? మీ ఇంట్లో ఆడోళ్లకైతే ఏం చేస్తావు, అది చెప్పు."

"ప్లేటే వేస్తానమ్మా."

"అయితే నాకూ అదే వెయ్యి."

అది నాదని చెబితే సొంత డబ్బా కొట్టుకున్నట్టు ఉంటుందనుకున్నాను. దానికి అణకువ అని పేరు పెట్టుకున్నాను. చెబితే ఆమె పిండికట్టు చాలంటుందేమోనన్న భయం కూడా లోపల ఉంది.

ఆపరేషన్ బాగానే జరిగింది. తర్వాత వ్యాయామాలు చేయించుకోకపోతే మణికట్టు బిగుసుకుపోతుంది. ఆమె రెండోసారి చూపించుకోవడానికి వచ్చిన రోజే నా స్నేహితుడు కొత్త నమూనాలతో వచ్చాడు. ఆమె చేతి మచ్చ చూసి సంబరపడిపోయాడు.

"మా ప్లేటేనా అమ్మా? మీ డాక్టరు సారే కనిపెట్టినాడు, నేను చేసినాను. పేటెంటు ఇద్దరికీ సగం సగం!"

"అట్లనా," అని ఆమె నా వైపు తిరిగింది. "ఆ పొద్దు చెప్పలేదే నువ్వు?"

నేను నవ్వేసి, వేళ్లు ముడవమన్నాను. ముడిచింది. మళ్లీ రాలేదు. ఫోన్ చేయిస్తే, "ఇంకేమి అంటగట్టాలంట మీ డాక్టరుకు?" అని పెట్టేసిందని నర్సు చెప్పింది.

కొన్ని నెలలకు నేనే సూళగిరి వెళ్లి ఆమె ఇల్లు వెతుక్కున్నాను. ఎడమచేత్తో వాకిలి ఊడుస్తోంది. కుడి మణికట్టు సగమే వంగుతోంది. కత్తెర పట్టలేకపోవడంతో తోటలో పూలకట్టలకు అట్టలు చుట్టే పనిలో పెట్టారట.

"ఏమప్పా, ఇంత దూరం వచ్చినావు? ఇంకో ప్లేటు తెచ్చినావా?"

"లేదమ్మా. ప్లేటు చెడ్డది కాదు. వ్యాయామం ఆపేసినందుకే..."

"ప్లేటును నేనేమన్నా అంటినా? మండీలో టమాటా అమ్మేవాడు గూడా తన సరుకే మేలంటాడు. కానీ నాదని చెప్పి అంటాడు కదా. నువ్వు చెప్పకుండా అంటివి. ఆపైన నువ్వేం చెప్పినా, ఇది నాకోసమా, నీకోసమా అనుకుంటి. వ్యాయామం గూడా అట్లే అనుకుంటి."

ప్లేటును వెనకేసుకురావడం మానేశాను.

"దాంట్లో నాకు వాటా ఉండాదమ్మా. నువ్వు ఒప్పుకునేదానికి ముందే చెప్పాల్సింది. చెప్తే వద్దంటావేమోనని చెప్పలేదు. తప్పు నాది. క్షమించమ్మా," అన్నాను.