సాగే కుట్టు

మనవడికి కొన్న కొత్త బనీను సంచి విప్పితే గంజి, నూలు కలిసిన పాత వాసన గుప్పుమంటుంది. దాంతోపాటు నాకు కోపమూ వస్తుంది.

ఇది డెబ్బైల నాటి మాట. పాతబస్తీ హుస్సేనీ ఆలంలో మాది రెండు గదుల ఇల్లు. బాపు బస్సు డిపోలో పనిచేసేవాడు, అమ్మ పిల్లల బనీన్లు కుట్టి దుకాణానికి ఇచ్చేది. ఎండాకాలం వస్తే వాకిట్లో మామిడి ముక్కలు ఆరేవి, ధూల్‌పేట్‌కు బొమ్మలు చేసే బంకమట్టి మోసే బండ్లు తడి వాసన వదిలి పోయేవి, మేం గోడ నీడన తొక్కుడుబిళ్ల ఆడుతుంటే లోపల అమ్మ నల్ల మిషన్ టకటకమంటూ ఉండేది. దానికి తిన్నని కుట్టు ఒక్కటే వచ్చు. సాగే గుడ్డను అలా కుడితే పిల్లాడు తల దూర్చగానే దారం పటుక్కున తెగుతుంది. అందుకే అమ్మ గుడ్డను రెండు చేతులతో గుంజి పట్టుకుని కుట్టేది.

మేడ మీద అద్దెకుండే టీచరమ్మ కోస్తా నుంచి వచ్చినావిడ. ఆమె కూతురిది నా ఈడే. ఆ పిల్ల పలక చూసి నేను నేల మీద బొగ్గుతో గీస్తుంటే టీచరమ్మ, "జూన్‌లో ఈ పిల్లని నాతో పంపమ్మా, బళ్లో నేను చేర్పిస్తాను" అంది. అమ్మ సరేనని నాకు నీలం లంగా కూడా కుట్టి పెట్టింది.

ఆ ఎండల్లోనే బాపు నల్ల మిషన్ అమ్మి, ఎవరో వాడిన జిగ్‌జాగ్ మిషన్ కొనుక్కొచ్చాడు. సూది అటూ ఇటూ ఊగి వేసే ఆ వంకర కుట్టు గుడ్డతోపాటు సాగేది, తెగేది కాదు. కానీ గుడ్డను గుంజకూడదు, దాని మానాన వదలాలి. అమ్మ చేతులు వదల్లేకపోయాయి. ఆమె కుట్టిన బనీను మెడలన్నీ వేయించిన అప్పడాల్లా అలలు తిరిగేవి.

"ఏందమ్మా, బనీను అడిగితె కుచ్చుల గౌను కుట్టినవ్?" అని దుకాణం భాయ్ తిప్పి పంపాడు.

ఒక మధ్యాహ్నం అమ్మ వంటలో ఉంటే నేను ఆటకు మిషన్ ముందు కూర్చున్నాను. నా చేతులకు ఏ అలవాటూ లేదు, గుడ్డ దానంతటదే నడిచింది. మెడ చదునుగా వచ్చింది. అమ్మ సాగదీసి చూసింది, తెగలేదు.

"నా చేతులు గుంజుడు మరువయి. నీ చెయ్యి బంగారం బిడ్డా, గీ మిషన్ నీదే!" అంది, వాడంతా చెప్పుకుంది. నేను మురిసిపోయాను.

జూన్‌లో టీచరమ్మ మెట్లు దిగి, "పిల్ల తయారైందా?" అంది.

"వచ్చే ఏడు పంపుత టీచరమ్మా. ఇది పోతె మిషన్ బందైతది."

"పొద్దుగూకినంక కుడతనే అమ్మా, పోనియ్యే" అన్నాను.

"లొల్లి చెయ్యకు. కూసో."

మరుసటి ఏడు కూడా అదే మాట. నీలం లంగాను విప్పి తమ్ముడికి చడ్డీలు కుట్టింది. టీచరమ్మ ఇంకోసారి దిగింది, కూతురి ఆటల పోటీ బనీనుకు సాగే గుడ్డ పట్టుకుని. "మెడ చదునుగా రావాలి, నువ్వే కుట్టు తల్లీ" అంది. బడి మాట ఎత్తలేదు. కుట్టిచ్చాను.

ఇప్పుడు అమ్మ లేదు. ఆ ఇల్లు కూల్చి దుకాణాలు కట్టారు. బనీన్లు ఫ్యాక్టరీల నుంచి కట్టలుగా వస్తాయి, ఆ గల్లీలో మిషన్ చప్పుడే వినిపించదు. నేను యాభై దాటాక సాయంత్రం తరగతులకు పోయి అక్షరాలు నేర్చుకున్నాను. మొదటిసారి బోర్డు మీద నా పేరు రాస్తే అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఎవరైనా మెచ్చుకుంటే ఇప్పటికీ భయమే, బదులుగా ఏం లాక్కుంటారోనని.