తెగిన గీతలో పారిన పెన్న

2022 వానకాలం. ఆత్మకూరు బస్టాండు వెనక ఒక మేడమీద గదిలో పెద్దవాళ్ళకు వాటర్‌కలర్ నేర్పేవాణ్ణి. "బొమ్మలు గీయాలంటే చేతిలో రాత ఉండాలి" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. రాత కాదు, చూపు! ఆ వాదన గెలవడానికే పాఠాలు మొదలుపెట్టానన్నా అబద్ధం కాదు.

ఆ వాదనకు అసలు పరీక్ష నా క్లాసులో కొత్తగా చేరిన పెంచలమ్మ. ఉదయగిరిలో ఒక ప్రైవేటు బడికి డ్రాయింగ్ టీచరు కావాలి. ఆ ఉద్యోగం రావాలంటే ఆమె వచ్చే సోమవారం అందరి ముందూ పారే నీటిని రంగుల్లో వేసి చూపాలి. ఆమె కుంచె పట్టి నెల కూడా కాలేదు. ముగ్గుల్లో మాత్రం ఊళ్ళో ఆమెను మించినవాళ్ళు లేరు. చిక్కంతా అక్కడే వచ్చింది. పెన్నా నది వేయమంటే, ఆమె వేసిన ప్రతి అల కూడా మెలిక తిరిగి మొదలైన చోటికే వచ్చి కలిసేది.

"ఏందమ్మా ఇది, పెన్నకు సంకెళ్ళేసినావా?"

"ముగ్గులో గీత తెంపితే ఇంటికి మంచిది కాదంటాది సార్ మా అత్త."

"కాగితం మీద గూడానా?"

"చెయ్యి దానంతటదే కలిపేస్తాది సార్. ఈ విద్య నా చేతిలో లేదేమో."

గీత తెగితే ఇల్లెలా చెడుతుందో చెప్పమని గంటసేపు వాదించాను. అన్నిటికీ తలూపింది. కుంచె అందుకుని మళ్ళీ గీత కలిపేసింది!

వాదన చాలించి, శనివారం క్లాసంతటినీ బస్సెక్కించి సోమశిల తీసుకెళ్ళాను. పెన్న మీద డ్యాం గేట్లు ఎత్తి ఉన్నాయి. ఒకటే హోరు.

"మొదలైన చోటికే తిరిగొచ్చే అల ఒక్కటి చూపించు!" అని అరిచాను.

చాలాసేపు చూసింది. "ఒక్కటీ లేదు సార్! అన్నీ తెగిపోతా ఉండాయి!" అని నాకన్నా గట్టిగా అరిచింది.

గట్టుమీదే డ్రై బ్రష్ చూపించాను. కుంచెలో నీళ్ళు పిండేసి, కాస్త రంగు అద్ది, గరుకు కాగితం మీద వేగంగా ఈడ్వడమే. రంగు అక్కడక్కడా అంటుతుంది. అంటని తెలుపే నురగ.

"ముగ్గులో తెలుపు వేస్తాం, దీంట్లో తెలుపు వదలాలా!" అంటూ నా చేతిలో కుంచె లాక్కుంది. ఒక్క ఈడ్పు. గీత ముక్కలైంది, నీళ్ళు కదిలాయి! నేను గంతేశాను.

"రాత్రికి మీ ఇంటికి ఏం కీడొస్తాదో రేపు చెప్పు" అన్నాను.

మర్నాడు ఫోను. "వచ్చింది సార్ కీడు! ఆ బొమ్మ మా అత్త లాక్కోని గోడకు తగిలించింది. అడిగితే ఇయ్యదంట!"

సోమవారం బడి వరండాలో, కిటికీ పక్కన నిలబడ్డాను. లోపల పెంచలమ్మ నీలం ఈడ్చి, మధ్యలో తెల్లకాగితం వెడల్పుగా వదిలి కుంచె కింద పెట్టింది.

"మధ్యలో ఖాళీగా ఉండాదే, పూర్తి చెయ్యమ్మా" అన్నారు హెడ్మాస్టరు.

ఆమె చెయ్యి కుంచె వైపు కదిలింది. అంతలోనే చెయ్యి వెనక్కి వచ్చింది.

"పూర్తి చేస్తే నీళ్ళు ఆగిపోతాయి సార్" అంది.

ఉద్యోగం ఆమెదే. మూఢనమ్మకం మీద ఇప్పటికీ నాకు అంతే కోపం. కానీ ఆ నమ్మకం చెవి దగ్గర మొండికేస్తుంది, కంటి దగ్గర లొంగుతుంది. అందుకే ఇప్పుడు ఎవరితోనైనా వాదనకు దిగే ముందు సోమశిల బస్సు టైము కనుక్కుంటాను.