బొంతకాయ పులుసు

కొత్తవలస దాటాక పాసింజరు రైలు నిద్రలో నడుస్తున్నట్టు సాగుతోంది. నా ఒళ్ళోని పచ్చి అరటికాయల మీద మధ్యాహ్నపు ఎండ ఊగుతోంది. ఎదురుగా కూర్చున్న చేపలమ్మే ఆమె వాటినే చూస్తోంది.

"వీటితోటి ఏటి సేస్తావమ్మా?"

"పులుసు పెడదామని."

ఒక కాయ అందుకుని, దాని నున్నటి ఒంటిని బొటనవేలితో నిమిరింది. "ఇవి పండుకాయలు. పులుసులో ఏస్తే సితికిపోతాయి. బియ్యంలో దాసి పండబెట్టుకో."

తన చేపల బుట్ట మీది గుడ్డ తీసింది. బుట్టనిండా బొంతకాయలే, కూరకి వాడే అరటికాయలు. మందపాటి తోలు, పలకలు తేలిన ఒళ్ళు. రెండు నా చేతిలో పెట్టి, వంజరం చేప ముక్కలు కోసినట్టు వాటిమీద గోటితో ఏటవాలు గీతలు గీసింది.

"ఇలా కొయ్యి. జిగురుంటాది, సేతికి నూని రాసుకో. సేపల పులుసులాగే సింతపండు పొయ్యి. ముక్క ఇరగదు."

"చేపలమ్మేవాళ్ళు అరటికాయలు తింటారా?" అన్నాను నవ్వుతూ.

"మా ఇంటాయన ఏటకెళ్తే, బోటు ఒడ్డుకొచ్చీదాకా మా పొయ్యిమీదకి సేప ఎక్కదు. మా అత్త నాటినుంచీ అంతే."

కిటికీలోంచి సముద్రం ఉండే వైపు చూస్తూ అంది. ఎప్పుడెళ్ళాడని అడిగేలోపే విజయనగరం వచ్చేసింది. బుట్ట నెత్తికెత్తుకుని దిగిపోయింది.

ఇంటికెళ్ళి అలాగే వండాను. ముక్క విరగలేదు.

ఇప్పటికీ బొంతకాయ కోసేముందు చేతికి నూనె రాసుకుంటాను. ఆమె పొయ్యిమీద ఈపాటికి చేప ఉడుకుతూ ఉంటుందని అనుకున్నాకే కత్తి పెడతాను.