సగిన్ బాయికే నిండు నకలు

కిర్గిజ్ దేశంలో, నారిన్ పట్నం రేడియోలో కంప్యూటర్లు చూసే సగిన్ బాయికే, అంటే సగిన్ అన్న, దేన్నీ సగం దాచడు. దాస్తే మొత్తం దాస్తాడు. ప్రతి శుక్రవారం సర్వర్‌కి పొట్టుతో సహా బ్యాకప్ తీస్తాడు. కంప్యూటర్‌తో పాటు వచ్చి, ఉంటే ఉన్నాయి లేకపోతే లేవు అన్నట్టుండే ఆటలూ అక్షరాలూ చదివి వినిపించే గొంతులూ ఒక్కటి వదలడు.

ఇంట్లోనూ అదే వరస. ఎండాకాలంలో కూడా నెత్తిన కల్పక్ టోపీ, చంకలో ఇంకో కల్పక్. కార్యక్రమాలు తయారుచేసే కాలిపా ఓసారి ఏడిపించింది.

"బాయికే, ఇంట్లో వదిన తిట్లకి కూడా బ్యాకప్ ఉందా?"

"ఎందుకమ్మా, అవి రోజూ కొత్తగానే వస్తున్నాయిగా!"

వసంతంలో వచ్చే నూరూజ్ పండగ నాడు రేడియో పెరట్లో గోధుమ మొలకల పాయసం సుమొలోక్ ఉడుకుతుండగా డైరెక్టర్ అసన్‌కదిర్ గారు ఛాతీ విరుచుకుని వచ్చారు. "సర్వర్‌లో పనికిరాని చెత్తంతా నేనే పీకేశాను. ఇక గుర్రంలా పరిగెడుతుంది!"

కాసేపటికి స్టూడియోలో వ్యాఖ్యాత జూరా ఎజె, అంటే జూరా అక్క, హెడ్‌ఫోన్లు పెట్టుకుని బిత్తరపోయింది. ఆమెకి కళ్ళు కనిపించవు. పొద్దున్నే వచ్చిపడిన పండగ శుభాకాంక్షల్ని కంప్యూటర్ చెవిలో చదువుతుంది, ఆమె శ్రోతలకి చెబుతుంది. ఇవాళ చెవిలో చడీచప్పుడు లేదు. డైరెక్టర్ గారు పీకేసిన చెత్తలో ఆ గొంతూ ఉంది.

"నేను చదివి చెబుతాను ఎజె," అంది కాలిపా కంగారుగా.

"ఇవాళ నువ్వు చదివితే వచ్చే వారం నా కుర్చీలో నువ్వే ఉంటావు. నన్ను ఇంటికి పంపాలని డైరెక్టర్ ఎప్పణ్ణుంచో చూస్తున్నాడు."

కనుమ దగ్గర మంచు జారి అప్పుడే నెట్ కూడా తెగింది, గొంతును మళ్ళీ దించుకునే దారి లేదు. ప్రసారానికి పట్టుమని పది నిమిషాలు లేవు.

"నీ బ్యాకప్ మొత్తం తిరిగి ఎక్కించవయ్యా!" అని డైరెక్టర్ గారు అరిచారు.

"మొత్తం ఎక్కిస్తే కంప్యూటర్ పోయిన శుక్రవారానికి వెళ్తుంది, ఇవాళ్టి పొద్దు పోతుంది. శుభాకాంక్షలన్నీ దాంతోనే పోతాయి," అన్నాడు సగిన్ బాయికే తాపీగా. "పక్కటెముక ఒక్కటి కావాలంటే గొర్రెను మళ్ళీ బతికించక్కర్లేదండీ."

అతను బ్యాకప్‌ని పెట్టెలా పక్కన తెరిచాడు. కంప్యూటర్ మాత్రం నెట్‌లోనే వెతుకుతూ మొరాయించింది. "అటు కాదు తల్లీ, ఇటు చూడు, ఇదిగో!" అని దారి చూపిస్తే ఆ గొంతొక్కటే తీసుకుంది. తెరమీద గీత పాకుతుంటే కాలిపా గోళ్ళు కొరుక్కుంది. ప్రసారం మొదలైనట్టు ఎర్రదీపం వెలిగింది. గొంతు పలికింది! కిర్గిజ్ పేర్లన్నిటినీ రష్యన్ యాసలో ఖూనీ చేస్తూ మరీ పలికింది. జూరా ఎజె నవ్వేస్తూ మొదటి శుభాకాంక్ష చెప్పింది. కాలిపా ఆనందం పట్టలేక ఎగిరి గంతేసింది.

"ఇంత చకచకా ఎలా చేశారు బాయికే?"

"నెలకోసారి తెర ఆపేసి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఈ గొంతును తీసి మళ్ళీ పెట్టి చూసుకుంటాను. పోతే మళ్ళీ తేగలనో లేదో తెలియాలి కదా."

"మరి ఎజెకి ఎప్పుడూ చెప్పలేదేం?"

"చెబితే పోతుందేమోనని రోజూ బెంగపెట్టుకుంటుంది. ఆ బెంగేదో నేనే పడితే సరిపోతుందిగా."

కాలిపా ఏదో అనబోయేంతలో డైరెక్టర్ గారు తలుపు దగ్గర నిలబడి దగ్గారు. "సగిన్... అదీ... నా కంప్యూటర్‌లో పేకాట కూడా పోయింది."

"ఇందాకే పెట్టేశానండీ," అన్నాడు సగిన్ బాయికే. "వెళ్ళి ఆడుకోండి."