అరుగు మీద కలిపిన చేతులు

మా ఆయన సంఘం కోసం మా అక్క నోట్ల మట్టి కొట్టిండని మా పుట్టింటి దిక్కు ఇప్పటికీ చెప్తరు. సంఘపోళ్లేమో, ఆరోగ్యం బాగలేక ఆయనే పెద్దకుర్చీ దిగిండని చెప్తరు. రెండూ అబద్ధాలే. ఆయన పక్కన ఇన్నేండ్లు బతికినదాన్ని, రోజూ ఆయనతోని కొట్లాడినదాన్ని నేను. కొట్లాడినోళ్లకు తెల్సినంత పొగిడినోళ్లకు తెల్వదు, తిట్టినోళ్లకు అసలే తెల్వదు.

ఆయన గద్వాల కోర్టుల వకీలు. పొద్దుందాక నల్లకోటు. నెలకొక్క శనివారం సాయంత్రం మాత్రం తెల్లచొక్కా, చేతులకు తెల్ల తొడుగులు, నడుముకు తెల్లగుడ్డ. దాన్ని లాడ్జి అంటుండ్రి. బస్టాండు ముందర రూములిచ్చే లాడ్జి కాదు. అన్నదమ్ముల లెక్క ఉంటమని ఒట్టు పెట్టుకున్న మగోళ్ల సంఘం. కులం అడగరు, మతం అడగరు, లోపల మాట్లాడుకున్నది ఇంట్ల చెప్పరు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు నుంచి డాక్టర్లు, లెక్చరర్లు, మిల్లు ఓనర్లు వస్తుండ్రి. వాళ్లకు మా ఆయన పెద్ద. ఏడాదికొకసారి ఆడోళ్లను గూడ పిలిచి భోజనం పెట్టేటోళ్లు. తూర్పు దిక్కు కుర్చీల కూసొని చెక్కసుత్తితోని ఆయన బల్ల మీద కొడ్తె అందరు నోర్లు మూసుకునేది అప్పుడే చూసిన.

"ఇంట్ల నీ సుత్తి నడ్వదు వకీల్ సాబు" అంటుంటి.

"ఇంట్ల సుత్తి నీ నోరే గదనే" అనేటోడు.

ఆ సంఘంల ఒక పద్ధతి ఉండె. ఇద్దరు సభ్యుల నడుమ తగాదా ఉంటే ఆ ఇద్దరు హాల్ల అడుగు పెట్టరాదు. బయటనే మాట్లాడుకోవాలె, తగాదా తెంపుకోవాలె, చేతిల చెయ్యేసుకోవాలె, అప్పుడే లోపలికి. హాలు ముందర జాగ లేదు గనుక ఆ తెంపుడంత మా ఇంటి అరుగు మీదనే అయితుండె. ఒకసారి వనపర్తి డాక్టరు, నాగర్‌కర్నూలు లెక్చరరు గద్వాలల పక్కపక్కన కొన్న ప్లాట్ల నడుమ అడ్డగోడ కాడ ఏండ్ల సంది మాటల్లేక ఉన్నరు. మా ఆయన వాళ్లను అరుగు మీద కూసోబెట్టి, ఏం మాట్లాడక, పల్లీలు ఒలుచుకుంట కూసున్నడు. రెండోసారి చాయ్ తెచ్చేసరికి ఇద్దరు గోడ గురించి గాక తమ తమ అల్లుండ్ల గురించి మొత్తుకుంటున్నరు. చెయ్యి కలిపి లేచిండ్రు. కోర్టుల గెల్సిన కేసుల గురించి ఆయన ఎన్నడు చెప్పుకోలే గని, ఈ ముచ్చట మాత్రం వచ్చినోళ్లందరికి చెప్పేటోడు.

మా అక్కది అమరచింత. బావ పోయినంక ఆయనను వాళ్ల పొలంలనే, బాట పక్కన, పాతిపెట్టిండ్రు. పైన సిమెంటు గద్దె కట్టిచ్చింది అక్క. ఎండకాలం పోయి మొదటిసారి గొర్రు పట్టే పొద్దున ఆ గద్దె మీద జొన్నరొట్టె, ఉల్లిగడ్డ పెట్టి, "ఇగో, ఈ ఏడు నీ సగం నేనే దున్నిపిస్తున్న, తిని గమ్మున పండు" అని బావతోని చెప్పేది. అక్క గూడ నా తీరే, మొగనికి సచ్చినంక గూడ సుఖం లేదు.

కాలువ నీళ్లొచ్చినంక బాట పక్క భూములకు రెక్కలొచ్చినయి. అక్క పక్క చెలక ఒకాయన కొన్నడు. పత్తి మిల్లాయన. గోదాము కడ్తనని హద్దురాళ్లు పాతిచ్చిండు. ఆ రాళ్లు అక్క పొలంలకు జరిగి, బావ గద్దె ఆయన దిక్కుకు పడ్డది. ఆ మిల్లాయన మా ఆయన సంఘంల మనిషే.

అక్క బస్సెక్కి వచ్చింది. సంగతంత మా ఆయనకు చెప్పింది.

"రేపు పొద్దున్నే కోర్టుల పిటిషన్ వెయ్యి. ఆర్డర్ తే. చేతులు ఆనక కలుపుకోండ్రి" అన్న నేను.

"ముందుగాల కోర్టుకు పోతె, ఆ అరుగు మీద నేను నలుగురికి చెప్పిన మాటకు ఏం విలువ? నాకొచ్చేసరికి పద్ధతి మారుతదా?"

"హాల్లకు పోకుంటే ఏం మునుగుతది? సుత్తి కొట్టకుంటే బువ్వ సయిస్తలేదా?"

"సుత్తి కాదే. మనిషి మాటకు ఒక్క తావు కావాలె గద యాడన్న. కోర్టుల లేదు. నేను రోజూ చూస్తున్న."

తర్వాత అక్క దిక్కు తిరిగిండు. "వదినె, శనివారం దాక ఆగుతవా?"

"నువ్వంటే ఆగుత మరిదీ" అన్నది అక్క. ఇంకొక్క మాట అడగలే.

శనివారం మిల్లాయన వచ్చిండు. అరుగు మీద కూసున్నడు. అక్క తలుపు కాడ నిలబడ్డది. మిల్లాయన మెత్తగ మాట్లాడిండు. రాళ్లు పాతినోడు తప్పు కొలిచిండన్నడు, గద్దె జోలికి పోనన్నడు, "వదినమ్మ కండ్లల్ల నీళ్లు చూసి గోదాము కట్టుకుంటనా" అన్నడు. అప్పుడప్పుడే సెల్‌ఫోన్లు వస్తున్న కాలం. చొక్కా జేబుల ఆయన ఫోను మోగింది. తీసి చూసి, "తర్వాత చేస్త" అని కట్ చేసిండు. ఆ చేతినే మా ఆయన చేతిల పెట్టిండు. నేనిచ్చిన చాయ్ తాగి, "అల్లం మంచిగ పడ్డది" అన్నడు. ఇద్దరు కల్సి హాలుకు పోయిండ్రు. ఆ సాయంత్రం మా ఆయన వాపసొచ్చినప్పుడు మొకం చూడాలె, బడిల ఫస్టొచ్చిన పిల్లగాని లెక్క ఉండె.

సోమవారం డోజర్ ట్రాక్టరు వచ్చింది. అక్క పొలానికి పోయేసరికి గద్దె లేదు. గద్దె ఉన్న జాగ గూడ ఎక్కడో తెలుస్తలేదట, అంత చదునుగ తోలిండ్రు. సిమెంటు పెళ్లలు ఇంత దూరం పడున్నయట. ట్రాక్టరోడు, "నాకేం తెల్వదమ్మ, సాఫు చేయమన్నరు" అన్నడట.

అక్క గద్వాలకు వచ్చింది. మా గేటు కాడ నిలబడ్డది. లోపలికి రమ్మంటే రాలే. మా ఆయన అరుగు దిగి పోయిండు.

"నీ మాట కోసం ఆగిన మరిదీ" అన్నది.

ఏడ్వలే, తిట్టలే. తిడితే బాగుండు, మా ఇంట్ల ఆడోళ్ల తిట్లకు ఆయన అలవాటు పడ్డోడే. మలుపు తిరిగి బస్టాండుకు పోయింది. మళ్ల మా గడప తొక్కలే.

ఆయన తెల్లారే కోర్టుకు పోయిండు. ఆర్డర్ తెచ్చిండు, గోదాము ఆగింది. భూమి అక్కకే మిగిలింది. కాబట్టి అక్క భూమి అమ్ముకున్నడనేటోళ్లు ఒకసారి అమరచింతకు పోయి చూసి రావాలె. పోయింది గద్దె ఒక్కటే. మట్టిల బావ ఎక్కడున్నడో అక్కకు తెల్వకుంట పోయింది. ఆ ఏడు గొర్రు పట్టేనాడు రొట్టె చేసుకొని పోయి, ఎక్కడ పెట్టాల్నో తెల్వక, గట్టు మీద కూసొని అక్కనే తిన్నదట. ఈ మాట నాకు ఫోన్ల చెప్పింది. నేను ఆయనకు చెప్పలే. కాని ఆ మూల నుంచి ఆయన వింటనే ఉన్నడు.

ఇగ సంఘం. తగాదా ఉన్నోడు హాల్ల అడుగు పెట్టరాదు గద. మా ఆయన పెట్టలే. సుత్తిని గుడ్డల చుట్టి పంపిచ్చిండు. మిల్లాయన మాత్రం నెలనెలా పోతనే ఉండె. రోషం ఉన్నోడు బయట, లేనోడు లోపల. అంత పెద్ద సంఘంల ఒక్కడన్న మిల్లాయనను లేచి పొమ్మనలే. పెద్దాయనకు ఆరోగ్యం బాగలేదని చెప్పుకున్నరు. అప్పటికి ఆయనకు జలుబు గూడ లేదు. వాళ్లు అన్నంక, వాళ్ల మాట నిలబెట్టనీకేనా అన్నట్టు, నిజంగనే మంచం పట్టిండు. శనివారం సాయంత్రమైతె అరుగు మీదికి పోకుండ లోపలి రూంల కూసునేటోడు. "పల్లీలు తెచ్చిన, ఒలువు" అంటే, "నువ్వే ఒలువు" అనేటోడు.

కర్నూలు దవాఖానల పోయిండు.

ఇంటికి తెచ్చినంక సంఘపోళ్లంత వచ్చిండ్రు, తెల్ల తొడుగులేసుకొని, చేతుల తలా ఒక పచ్చకొమ్మ పట్టుకొని. పోయిన సభ్యుని మీద కొమ్మ పెట్టి సాగనంపుడు వాళ్ల ఆచారం. నేను కాదనలే. ఆయనకిష్టం. వరుసల మిల్లాయన గూడ ఉన్నడు. ఆయన వంతు వచ్చేసరికి లేచి అడ్డం నిలబడ్డ.

"మీ పద్ధతి ఏందన్నా? తగాదా ఉన్న ఇద్దరు ఒక్కకాడ ఉండరాదు గద?"

"వదినమ్మా, ఇది సమయం కాదు" అన్నడు.

"ఆయన లేచి బయటికి పోలేడు. నువ్వే పో."

డాక్టరు నేల చూసిండు. లెక్చరరు నేల చూసిండు. మిల్లాయన కొమ్మ పట్టుకొనే గేటు దాటిండు. గేటు బయట అప్పటికే మా అక్క నిలబడి ఉన్నది. లోపలికి రాలేదు. వచ్చింది గని రాలేదు. ఇద్దరు ఆ గోడ నీడకే, మొకాలు చెరొక దిక్కు పెట్టుకొని నిలబడ్డరు. పాడె లేచినంక అక్క వెనకనుంచి నడిచింది. మట్టి వేసింది. అక్కడి నుంచి అటే పోయి బస్సెక్కింది.

మా ఆయన తెలివితక్కువోడని లోకం అంటే నేను ఒప్పుకోను. అక్కకిచ్చిన మాట పోనిచ్చిండంటే మాత్రం ఒప్పుకుంట, ఆయన గూడ ఒప్పుకునే పోయిండు. ఇంకొక్కటే తేలాలె నాకు. తర్వాత వనపర్తి బస్టాండుల మిల్లాయన కనవడ్డడు. అడుగుదామని రెండడుగులేసిన. చూసి, పేపరు అడ్డం పెట్టుకున్నడు.

నేను అడగాలనుకున్నది ఇది. ఆ శనివారం మా అరుగు మీద, మోగిన ఫోను కట్ చేసి మా ఆయన చేతిల చెయ్యేసినప్పుడు, ట్రాక్టరుకు అప్పటికే చెప్పి ఉంటివా, లేక ఆ ఒక్క నిమిషమన్న గద్దె జోలికి పోనని నిజంగనే అన్నవా?